ఎడమ భుజం వైపు ఎవరు

మా వాడు డిసెంబరు సెలవుకి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను ఒకే ప్రశ్న తినేసింది. వాడు ఆర్మీ ఆఫీసరు శిక్షణలో ఉన్నాడు. ఈ సెలవు అయిపోతే ఇక ఆఖరి టర్ము. అది పూర్తయిన రోజు పరేడ్ ఉంటుంది. పరేడ్ అయ్యాక ఇంట్లోవాళ్ళు గ్రౌండ్‌లోకి వెళ్ళి పిల్లాడి రెండు భుజాల మీదా ఆఫీసరు హోదా నక్షత్రాలు పెడతారు. కుడి భుజం వైపు వాళ్ళ నాన్న ఉంటారు, అందులో అనుమానం లేదు. ఎడమ భుజం వైపు ఎవరు? ఈ మాట నేను నోరు తెరిచి అడగలేను. అడిగే హక్కు నాకుందో లేదో కూడా తేల్చుకోలేకపోయాను.

ఎందుకంటే నేను వాడికి అమ్మను కాను, పిన్నిని. వాడి చిన్నప్పుడే వాళ్ళమ్మ జబ్బుచేసి పోయింది. ఆ తర్వాత చర్చి పెద్దలు మాట్లాడి మా పెళ్ళి చేశారు. నా పుట్టిల్లు బాపట్ల. మా ఆయనది తెనాలి. వాళ్ళమ్మది రేపల్లె. నేను ఈ ఇంటికొచ్చిన రోజున వాడు తలుపు వెనక నుంచుని, ఒక చేత్తో గొళ్ళెం ఆడిస్తూ నన్ను చూశాడు. ఎవరో ‘పిన్ని అనాలి’ అని నేర్పారు. అన్నాడు. ఇప్పటికీ అదే అంటాడు. అమ్మా అని పిలవమని నేనెప్పుడూ అడగలేదు. నాకూ కాస్త పొగరుంది. అడిగి పిలిపించుకునే పిలుపు నాకెందుకు అనుకున్నాను.

వాడొచ్చిన రోజు స్టేషన్‌కి మా ఆయనా నేనూ వెళ్ళాం. రైలు దిగినవాణ్ణి నేను వెంటనే గుర్తుపట్టలేదు. తల మీద జుట్టంటూ ఏమీ మిగల్చలేదు. దవడలు బయటికొచ్చాయి. ఎండకి నల్లబడి, ఎవరో పొరుగూరి కుర్రాడిలా ఉన్నాడు. కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి నుంచుని వాళ్ళ నాన్నకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆయనకేమో కావలించుకోవాలనుంది, చెయ్యి మాత్రం ఇరుక్కుపోయింది. తర్వాత నా వైపు తిరిగాడు. నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వాలా, నమస్కారం పెట్టాలా, వాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. చివరికి నా చేతిలో గొడుగు తీసుకున్నాడు. ఎండా లేదు, వానా లేదు. ఆ గొడుగు ఎందుకు పట్టుకెళ్ళానో నాకిప్పటికీ తెలియదు.

ఇంట్లో మొదటి రెండు రోజులూ అయోమయంగానే గడిచాయి. పొద్దున నేను లేచేసరికే వాడి మంచం మీద దుప్పటి ముడత లేకుండా ఉండేది. రాత్రి అసలు పడుకున్నాడా అని అనుమానం వచ్చేది. అకాడమీలో మొదట్లో నడవనిచ్చేవాళ్ళు కాదట, ఎక్కడికెళ్ళినా పరుగే. ఆ అలవాటు పోక వీధి చివర కొట్టుకి పాలప్యాకెట్ కోసం పరిగెత్తి వెళ్ళాడు. ఎదురింటి ఆమె గాభరాగా వచ్చి, “ఏంటి టీచరుగారూ, అబ్బాయి అలా పరిగెడుతున్నాడు, ఎవరికైనా బాగాలేదా?” అని అడిగింది. పాలు విరిగిపోయాయని చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఒకసారి వంటింట్లోంచి కాస్త గట్టిగా కేకేశాను. నా గొంతు క్లాసులో అరిచి అరిచి అలాగే తయారైంది. ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడు, వెంటనే “యెస్ మేడమ్!” అని కేక. వెళ్ళి చూస్తే నిటారుగా నుంచుని గోడ వైపు చూస్తున్నాడు. నన్ను చూశాక వాడికే నవ్వొచ్చింది. “సారీ పిన్నీ, నోటికొచ్చేసింది” అన్నాడు. నేనూ నవ్వాను. “ఇన్నేళ్ళకి నాకు ప్రమోషన్ వచ్చిందిరా” అన్నాను. నవ్వైతే నవ్వాను కానీ, ఆ పిలుపు లోపల ఎక్కడో గుచ్చుకుంది. పిన్ని అనే ఒక్క మాటే మా ఇద్దరి మధ్య ఉన్న ఆస్తి. అదీ పోతుందేమో అనిపించింది.

ఆ సాయంత్రమే వంటింట్లో నా పక్కన నుంచుని ఉల్లిపాయలు తరుగుతూ ఒక మాట అడిగాడు.

“పిన్నీ, జూన్‌లో నీకు సెలవు దొరుకుతుందా?”

టీచరు ఉద్యోగం చేసేవాళ్ళెవరినైనా నిద్రలో లేపి ఈ ప్రశ్న వెయ్యండి, ఒకటే జవాబు వస్తుంది. నాకూ అదే వచ్చింది. “జూన్‌లోనా? బడి తెరిచే నెల్రా బాబూ! కొత్త పిల్లల్ని చేర్చుకోవాలి, పుస్తకాలు పంచాలి. మే అంతా ఖాళీయే. జూన్‌లో మాత్రం చచ్చినా దొరకదు” అని గడగడా చెప్పేశాను. వాడు కత్తి ఆపి, “సరే పిన్నీ” అన్నాడు. మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు. ఎందుకడిగావని నేను అడగలేదు. పరేడ్ జూన్‌లోనే అని అప్పటికి నాకు తెలియదు. పులుసు పొంగుతోంటే అటు తిరిగాను.

క్రిస్మస్ ఆరాధనకి తెల్లచొక్కా వేసుకుని మా పక్కన కూర్చున్నాడు. ప్రసంగం నడుస్తున్నంతసేపూ తల నిటారుగా పెట్టుకుని పాస్టరుగారినే చూస్తున్నాడని నేను మురిసిపోయాను. తీరా చూస్తే నిద్రపోతున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, వీపు కూడా వంచకుండా. “అక్కడ క్లాసుల్లో అందరం నేర్చుకుంటాం పిన్నీ, మొదట వచ్చే విద్య ఇదే” అని బయటికొచ్చాక చెప్పాడు. మా ఆయన పడీపడీ నవ్వారు. నాకు మాత్రం వాణ్ణి తీసుకెళ్ళి రెండు రోజులపాటు పడుకోబెట్టాలనిపించింది.

కానీ పడుకోనిచ్చేదెవరు? సెలవు వాడిదన్నమాటే కానీ, అది ఊరందరిదీ అయింది. మర్నాడే మా అన్నయ్య బాపట్ల రమ్మని హుకుం జారీ చేశాడు. వాడంటే మా అన్నయ్యకి ప్రాణం. అక్కడికి వెళ్ళేసరికి చుట్టుపక్కల వాళ్ళందరినీ భోజనాలకి పిలిచి ఉంచాడు. “అల్లుడూ, యూనిఫాం తెచ్చావా? సాయంత్రం ప్రార్థన కూడికకి వేసుకు రావాలి” అన్నాడు.

“సెలవులో వేసుకోకూడదు మామయ్యా.”

“ఎవరొచ్చి చూస్తార్రా?”

“ఎవరూ చూడరు. అయినా వేసుకోకూడదు.”

ఈ జవాబు మా అన్నయ్యకి జీర్ణం కాలేదు. భోజనాల దగ్గర అందరూ తలో ప్రశ్నా వేశారు. తుపాకీ ఇచ్చారా, అన్నం పెడతారా, చలికి ఏం వేసుకుంటారు. కర్లపాలెం నుంచి వచ్చిన మా వదిన చెల్లెలు, “పెళ్ళి చేసుకోవచ్చా మరి?” అని అడిగింది. వాడు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. అప్పుడు మా అన్నయ్య పరేడ్ సంగతి ఎత్తాడు. జూన్‌లో అని వాడు చెప్పాడు. జూన్ అనే మాట వినగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది.

“నక్షత్రాలు పెడతారంటగా, ఎవరు పెడతార్రా?”

“మనవాళ్ళే మామయ్యా. ఇటొకరు, అటొకరు. మామూలుగా అమ్మా నాన్నా పెడతారు.”

ఆ మాట అన్నాక వాడు పెరుగు కలుపుకుంటూ ఉండిపోయాడు. మా వదిన నా వైపు చూసి, చూడనట్టు నటించి, అవసరం లేకపోయినా మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను అందరికీ మళ్ళీ అన్నం వడ్డించాను. వద్దన్నవాళ్ళకి కూడా వడ్డించాను.

అప్పటినుంచి నా బుర్ర నా మాట వినడం మానేసింది. వాడు వంటింట్లో అడిగిన ప్రశ్న ఇప్పుడు అర్థమైంది, అర్థం కాలేదు కూడా. నేను రావాలని అడిగాడా? రాలేనని తెలిస్తే ఇబ్బంది తప్పుతుందని అడిగాడా? ‘సరే పిన్నీ’ అన్నప్పుడు వాడి గొంతు ఎలా ఉంది? ఎంత గుర్తుచేసుకున్నా ఉల్లిపాయలు తరిగిన చప్పుడే వినిపిస్తోంది. పోనీ ఇప్పుడు వెళ్ళి ‘నాకు సెలవు దొరుకుతుందిలేరా’ అందామా? పిలవని పేరంటానికి పట్టుచీర కట్టుకుని బయల్దేరినట్టుంటుంది.

తెనాలి వచ్చాక మా ఆయన్ని కదిపాను. “ఏవండీ, జూన్‌లో మీ పక్కన ఎవరు నుంచుంటారంటారు?”

ఆయన పేపరు దించి నన్ను చూశారు. మంచి మనిషే, కానీ ఇలాంటి చోట నీళ్ళు నములుతారు. “వాడినే అడగరాదా?” అని పేపరు మళ్ళీ ఎత్తారు. ఆ పేపరు లాగి చించేద్దామన్నంత కోపం వచ్చింది. అదే మాట చెప్పాను. “చించు, నిన్నటిదే” అన్నారు.

మర్నాడు వాడు రేపల్లె వెళ్ళాలన్నాడు. నవంబరులో సమాధుల పండగకి రాలేకపోయాడు, వాళ్ళమ్మ సమాధికి సున్నం వెయ్యాలి. ఏటా తండ్రీ కొడుకులే వెళ్ళేవాళ్ళు. నేనెప్పుడూ వెళ్ళలేదు. వాళ్ళ అమ్మమ్మా నన్ను రమ్మనలేదు, మా ఇంటికీ రాలేదు. మా మధ్య గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు రాజీ పడేవాళ్ళం. గొడవే లేనప్పుడు రాజీ ఎలా పడతాం? అలా ఏళ్ళు గడిచిపోయాయి.

“పిన్నీ, నువ్వు కూడా రా” అన్నాడు వాడు, షూ లేసులు కట్టుకుంటూ. తలెత్తి కూడా చూడలేదు.

ఎందుకని అడగాలనిపించింది. అడిగితే మానేస్తాడేమో అని చీర మార్చుకున్నాను. మా ఆయనకి ఆఫీసు ఉంది. ఇద్దరమే రేపల్లె రైలెక్కాం. దారి పొడవునా వాడు కిటికీ పక్కన, నేను ఎదురుగా. వేమూరు దాటాక వాడు నిద్రపోయాడు, అదే నిటారు నిద్ర. ఆ ముఖంలో తలుపు వెనకాల నుంచున్న పిల్లాడి కోసం వెతికాను. చెవుల దగ్గర కాస్త కనిపించాడు.

సమాధుల తోటలో వాడు చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాడు. ముందు గడ్డి పీకాడు, తర్వాత కుంచెతో సున్నం వేశాడు. మూలలు కూడా వదలకుండా వేశాడు, బూట్లు పాలిష్ చేస్తున్నంత శ్రద్ధగా. నేను బకెట్ పట్టుకుని నుంచున్నాను. ఆ రాయి మీద ఆమె పేరు మొదటిసారి చదివాను. ఆమె మీద నాకు అసూయ ఉండాలా, జాలి ఉండాలా, కృతజ్ఞత ఉండాలా? మూడూ ఉన్నాయి. ఏది ముందో తెలియలేదు. వాడు ప్రార్థన చేసుకుంటుంటే నేనూ కళ్ళు మూసుకున్నాను కానీ ఒక్క మాటా రాలేదు.

అమ్మమ్మగారి ఇల్లు అక్కడికి దగ్గరే. మనిషి సన్నగా, తెల్లచీరలో, గడప దగ్గరే నుంచుని ఉంది. మనవడి వెనక నన్ను చూసి కొంగు సర్దుకుంది.

“వందనాలండి అమ్మమ్మగారూ” అన్నాను.

“వందనాలమ్మా. రా, లోపలికి రా” అంది. అంతే.

టీ పెట్టి తెచ్చింది. గ్లాసు నాకు అందిస్తుంటే ఆమె చెయ్యి వణికింది. టీ తొణికి నా చీర మీదా, ఆమె వేళ్ళ మీదా పడింది. “అయ్యయ్యో” అంటూ కొంగుతో తుడవబోయింది. వాడు ఆమె చేతులనే చూస్తున్నాడు. పర్లేదండి అని చెప్పి, చీర కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. కుళాయి తిప్పబోతుంటే లోపలినుంచి వాడి గొంతు వినిపించింది.

“అమ్మమ్మా, జూన్‌లో నువ్వు రావాలి. ఎడమ భుజం మీద నక్షత్రం నువ్వే పెట్టాలి.”

“నేనేంట్రా నాయనా, అంతదూరం!”

“నాన్న తీసుకొస్తారు. నువ్వే పెట్టాలి అమ్మమ్మా, అమ్మ తరఫున.”

కుళాయి పూర్తిగా తిప్పేశాను. నీళ్ళు ధారగా పడుతున్నాయి, మరక ఎప్పుడో పోయింది, నేనింకా రుద్దుతూనే ఉన్నాను. న్యాయమే కదా. కన్నకూతురిని పోగొట్టుకున్న మనిషి. ఆమె చేతి మీదుగా జరగడం కంటే మంచి పని ఏముంది? వాడికి ఆ బుద్ధి పుట్టినందుకు నేను గర్వపడాలి. గర్వపడ్డాను కూడా. అయినా ఏడుపొచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. జ్వరాలకి మేలుకున్నది నేను, ఎక్కాలు చెప్పింది నేను, అకాడమీకి వెళ్తానంటే అడ్డం పడిన వాళ్ళ నాన్నని ఒప్పించింది నేను. ఇలా లెక్క చెప్పుకోవడం మొదలుపెట్టానంటే నేనేం తల్లిని అనిపించి, కుళాయి కట్టేసి, మొహం కడుక్కుని లోపలికి వెళ్ళాను.

తిరుగు రైల్లో వాడు ఏదో చెప్పబోయాడు. “పిన్నీ…” అన్నాడు. “ఏంట్రా” అన్నాను, క్లాసులో అనే గొంతుతో. “ఏం లేదు” అన్నాడు. తెనాలి వచ్చేదాకా ఇద్దరం పొలాలు చూశాం.

సెలవు అయిపోయింది. వెళ్ళేరోజు కజ్జికాయలు, జంతికలు డబ్బాలకెత్తాను. అంత బరువు మొయ్యలేనంటాడేమో అనుకున్నాను. ఏమీ అనకుండా అన్నీ సంచిలో సర్దాడు. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళాం. మా ఆయన నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళారు. రైలొస్తోందని మైకులో చెప్పారు. అప్పుడు వాడు నా వైపు తిరిగి, ఆఫీసరుకి రిపోర్టు ఇస్తున్నట్టు గడగడా మాట్లాడాడు.

“పిన్నీ, అమ్మమ్మ చెయ్యి వణుకుతోంది, నువ్వూ చూశావు. ఆ నక్షత్రం తనొక్కతే పెట్టలేదు. నువ్వు పక్కనుండి తన చెయ్యి పట్టుకోవాలి. జూన్‌లో నీకు సెలవు దొరకదన్నావు, తెలుసు. ఒక్కసారి అడిగి చూస్తావా?”

“అడిగేదేంట్రా, సెలవు పెట్టేస్తాను. ఇవ్వకపోతే ఉద్యోగమే మానేస్తాను” అన్నాను. గొంతు పెద్దదయింది. పక్కన మూటల మీద కూర్చున్నామె తిరిగి చూసింది. “మరి ముగ్గుర్ని రానిస్తారా? ఇటొకరు అటొకరు అన్నావుగా?”

“రానిస్తారు. సెలవుకి బయల్దేరే ముందే మా సార్‌ని అడిగాను, ముగ్గురొస్తారని.”

రైలొచ్చి ఆగింది. వాళ్ళ నాన్న సీసాతో పరిగెత్తుకొచ్చారు. ఈసారి షేక్‌హ్యాండ్ లేదు, ఆయనే లాగి కావలించుకున్నారు. వాడు ఎక్కాడు. రైలు కదిలాక నాకు చెయ్యి ఊపాడు. నేను గొడుగు ఊపాను. అవును, ఆరోజు కూడా గొడుగు తెచ్చాను.

ఇంటికి నడుస్తుంటే దారి మధ్యలో ఆగిపోయాను. అమ్మమ్మగారి చెయ్యి వణకడం వాడు చూసింది మొన్న రేపల్లెలో. సార్‌ని అడిగింది సెలవుకి రాకముందు. చెయ్యి పట్టుకునే మనిషి అవసరమని తెలియకముందే ముగ్గురని ఎలా అడిగాడు? “ఏంటి నుంచుండిపోయావు?” అన్నారు మా ఆయన. ఆయన ఫోను లాక్కుని, అక్కడే ఒక అరుగు మీద కూర్చుని రేపల్లెకి ఫోన్ చేశాను. నా జీవితంలో ఆ ఇంటికి చేసిన మొదటి ఫోను అది.

“అమ్మమ్మగారూ, నేనండి, తెనాలి నుంచి.”

“చెప్పమ్మా. రైలెక్కాడా?”

“ఎక్కాడండి. మీ చేతులు వణుకుతున్నాయని చెప్పాడు. ఎప్పటినుంచండి? డాక్టరుకి చూపించుకున్నారా?”

“నా చేతులకేమైందమ్మా?” అంది ఆవిడ. “ఇవాళ పొద్దున సూదిలో దారం నేనే ఎక్కించుకున్నా.”

“మరి ఆరోజు టీ…”

“ఆరోజా? ఇన్నేళ్ళకి నువ్వు నా గడప తొక్కితివి. కంగారు పడనా మరి?”

ఎదురుగా రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. మా ఆయన సైగలతో ఏంటి ఏంటని అడుగుతున్నారు.

“నిన్న వాడు నాకూ ఫోన్ చేసి చెప్పాడు,” అంది అమ్మమ్మగారు, “నక్షత్రం పెట్టేటప్పుడు పిన్ని నీ చెయ్యి పట్టుకుంటుందని. నా చెయ్యి బానే ఉంది కదరా అన్నాను. ఆ రోజుకి వణుకుతుందిలే అమ్మమ్మా అన్నాడు.”

మళ్ళీ తనే అంది. “నాకూ అర్థమైందిలేమ్మా. జూన్‌లో తప్పకుండా వణుకుతుంది. నువ్వొచ్చి పట్టుకో.”